ఒక్క జీతంతో హైదరాబాద్‌లో ఇల్లు నడుపుకోవడం

జీతం పన్నెండు నెలలూ ఒకేలా వస్తుంది కానీ ఖర్చు అలా రాదు. ఎండాకాలంలో ఏడాదికి సరిపడా చింతపండు, మిరపకాయలు, ఆవకాయ సరుకు కొనాలి, జూన్‌లో బడి ఫీజు కట్టాలి, ఆ వెనకే దసరా, దీపావళి వస్తాయి. ఇద్దరు సంపాదించే ఇంట్లో ఇలాంటి నెలను రెండో జీతం గట్టెక్కిస్తుంది. ఒక్కరే సంపాదించే ఇంట్లో అది అప్పుగా మారుతుంది. అందుకే రోజువారీ ఖర్చుల జోలికి వెళ్లేముందు ఏడాదికి ఒకసారి వచ్చే ఖర్చులన్నీ కాగితం మీద రాయండి. ఉదాహరణకు ఫీజులు 48,000, పండుగలు, బట్టలు 18,000, ఏడాది సరుకు 12,000, బీమా 18,000 అనుకుంటే మొత్తం 96,000 రూపాయలు, అంటే నెలకు 8,000. ఆ డబ్బు జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి వెళ్లిపోవాలి. మిగిలినదాన్నే నెల జీతంగా లెక్కపెట్టుకోవాలి.

అద్దె ఇంటిని ఎంచుకునేటప్పుడు అద్దె ఒక్కటే చూడకండి. ఆఫీసుకు, బడికి అయ్యే దారి ఖర్చు, మెయింటెనెన్స్, నీళ్ల ట్యాంకర్లకు ఎవరు కడతారన్నది కూడా కలిపి చూస్తే తక్కువ అద్దె ఇల్లే ఎక్కువ ఖరీదు పడే సందర్భాలు చాలా ఉన్నాయి. ముఖ్యంగా మీ వాటాకు విడిగా కరెంటు మీటరు ఉందో లేదో అడగండి.

మీటరు గురించి ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఉంది. రెండు వాటాలకు ఒకే మీటరు ఉంటే యూనిట్లు కలిసి సులువుగా 200 దాటిపోతాయి. ఇళ్లకు 2022 నుంచి అమలైన ధరల ప్రకారం నెలకు 200 యూనిట్లు వాడితే మొదటి వందకు యూనిట్‌కు రూ. 3.40, రెండో వందకు రూ. 4.80 చొప్పున, స్థిర చార్జీలు కాకుండా 820 రూపాయలు అవుతుంది. ఒక్క యూనిట్ పెరిగి 201 అయితే మొదటి 200 యూనిట్లకూ రూ. 5.10 ధర పడి బిల్లు 1,027 రూపాయలు దాటుతుంది. తెల్ల రేషన్ కార్డు ఉండి, 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితంగా ఇచ్చే రాష్ట్ర ప్రభుత్వ పథకం గృహజ్యోతి కింద సున్నా బిల్లు పొందుతున్న ఇల్లయితే, 200 దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టవలసి వస్తుంది. అందువల్ల రీడింగ్ తీసిన ఇరవయ్యో రోజున మీటరు చూసుకోవాలి. అప్పటికే 130 యూనిట్లు దాటి ఉంటే మిగిలిన పది రోజులు గీజర్, ఇస్త్రీ, ఏసీ తగ్గించాలి. రెండు వేల వాట్ల గీజర్ గంట నడిస్తే రెండు యూనిట్లు ఖర్చవుతాయి.

కూరగాయలకు ఎర్రగడ్డ, మెహదీపట్నం, కూకట్‌పల్లి, సరూర్‌నగర్, వనస్థలిపురం రైతు బజార్లు ఉన్నాయి. అక్కడ ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కాబట్టి కాలనీలో బండి మీద చెప్పే ధర న్యాయమైనదో కాదో కూడా తెలుస్తుంది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ మహిళలకు ప్రయాణం ఉచితం కనుక వారానికి ఒకసారి వెళ్లిరావడం భారం కాదు, ఆధార్ కార్డు వెంట ఉంటే చాలు. పప్పులు, ఎండుమిర్చి, చింతపండు కొత్త పంట వచ్చే రోజుల్లో, రెండు మూడు కుటుంబాలు కలిసి బేగంబజార్‌లో కొని పంచుకోవడం మేలు. నాకు భయం కలిగించే ఖర్చులు వేరే ఉన్నాయి. కిరాణా కొట్లో ఉద్దెర ఖాతా, పది నిమిషాల్లో ఇంటికి సరుకు తెచ్చే యాప్, ఈ రెండింటిలోనూ డబ్బు చేతి నుంచి పోతున్నట్టు తెలియదు. ఉద్దెర పూర్తిగా మానేయాలి, యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయాలి.

పిల్లల పుస్తకాలకు కోఠిలో పాత పుస్తకాల దుకాణాలు, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ ఉన్నాయి. జ్వరం, దగ్గులాంటి వాటికి ప్రభుత్వం నడిపే బస్తీ దవాఖానాలో వైద్యం ఉచితం. రోజూ వాడే బీపీ, షుగరు మందులను డాక్టరును అడిగి, జెనరిక్ మందులు చౌకగా అమ్మే జన ఔషధి దుకాణంలో కొనుక్కోవచ్చు.

ఒక్క ఖర్చును మాత్రం తగ్గించకూడదు. సంపాదించే మనిషికి ఏదైనా జరిగితే ఆ ఇంటికి వేరే ఆధారం లేదు కనుక, ఆ మనిషి పేరు మీద టర్మ్ పాలసీ, అంటే గడువులోగా మరణిస్తే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా, తప్పనిసరి. అది వెంటనే కుదరకపోతే బ్యాంకు ఖాతా ద్వారా కేంద్ర ప్రభుత్వ బీమా పథకాలైన జీవన్ జ్యోతి (ఏడాదికి 436 రూపాయలు, 18 నుంచి 50 ఏళ్ల వారికి), సురక్షా బీమా (20 రూపాయలు) ఈ వారమే తీసుకోండి. మొదటిది మరణానికి, రెండోది ప్రమాదానికి రెండేసి లక్షల రక్షణ ఇస్తాయి. ప్రీమియం మే నెలాఖరులో ఖాతా నుంచి దానంతట అదే కట్ అవుతుంది కాబట్టి అప్పటికి నిల్వ ఉండేలా చూసుకోవాలి. ఈ పాలసీల వివరాలు, ఖాతా నంబర్లు, నామినీ పేర్లు ఇంట్లో ఉండి ఇల్లు నడిపే వారికి తెలిసి ఉండాలి. ఇంటి లెక్క రాసేదీ, కాగితాలు దాచేదీ వారే అయితే ఇంకా మంచిది.