చిన్న స్పిన్నర్ దూరం పడట్లేదా? ముందు లైన్ చూడండి

డాలస్ చుట్టుపక్కల మార్చి, ఏప్రిల్ నెలల్లో క్రాపీలనే చేపలు గుడ్లు పెట్టడానికి లోతు తక్కువ నీళ్లలోకి వస్తాయి, వాటి వెనకాలే కొత్త రాడ్లతో మనవాళ్లూ దిగుతారు. స్పిన్నరంటే తీగ మీద రేకు తిరిగే చిన్న లోహపు ఎర, ఔన్సులో పదహారో వంతుదైతే 1.8 గ్రాములే. కాలవ గట్టున వెదురు గాలానికి ఎర్ర గుచ్చి వేసిన అలవాటు ఇక్కడ పనికిరాదు. నేనైతే మొదటి సీజనంతా చెయ్యి నొప్పే తెచ్చుకున్నాను.

విసిరితే కాళ్ల ముందే పడుతోంది

నూటికి తొంభై సార్లు తప్పు లైన్‌దే. రీల్‌తో పాటు వచ్చిన 10 పౌండ్ల లైన్ (10 పౌండ్ల బరువు ఆపే దారం) మందంగా, బిరుసుగా ఉంటుంది, అంత తేలిక స్పిన్నర్ దాన్ని లాక్కెళ్లలేదు. 4 పౌండ్ల మోనో (ఒంటి పోగు నైలాన్ లైన్) వేయండి, స్పూల్ (లైన్ చుట్టే చక్రం) అంచుకి రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ వరకు నింపండి. సగమే నింపితే లైన్ అంచుకి రాసుకుని ఆగిపోతుంది. రాడ్ కూడా అల్ట్రాలైట్ కావాలి, గట్టి రాడ్ ఇంత చిన్న బరువుకి వంగదు, వంగకపోతే విసరదు. స్పిన్నర్‌ని రాడ్ కొన నుంచి జానెడు వేలాడనిచ్చి మణికట్టుతో ఒక్క విదిలింపు చాలు, భుజం బలం అక్కర్లేదు.

లైన్ మెలికలు పడి జడలా చుట్టుకుంటోంది

రేకుతో పాటు స్పిన్నర్ మొత్తం తిరుగుతోందన్నమాట. స్పిన్నర్‌కి అడుగున్నర పైన ఒక బుల్లి స్వివెల్ (మెలిక పడకుండా తిరిగే లింకు) కట్టండి. విసిరాక హ్యాండిల్ తిప్పి బెయిల్ (రీల్ మీది వంపు తీగ) మూయకుండా చేత్తో మూసి, లైన్ ఒకసారి బిగువుగా లాగాక చుట్టండి. ఇంకోటి చాలామంది గమనించరు: చేప లాగుతూ డ్రాగ్ (లైన్‌ని బిగువు మీద వదిలే రీల్ బ్రేకు) జారుతుంటే కంగారులో మనం హ్యాండిల్ తిప్పుతూనే ఉంటాం, లైన్ లోపలికి రాదు సరికదా ప్రతి చుట్టుకీ మెలిక పడుతుంది. అప్పటికే పాడైన లైన్‌ని కోసి పారేయండి, బాగుచేస్తూ కూర్చుంటే పొద్దుగూకుతుంది.

రేకు తిరగట్లేదు

నాచు ఇరుక్కుందేమో, తీగ వంగిందేమో చూడండి. రెండూ కాకపోతే నీళ్లలో పడగానే రాడ్‌ని చిన్నగా కుదపండి, రేకు మేలుకుంటుంది. నెమ్మదిగా లాగాలంటే గుండ్రటి రేకు మేలు, సన్నటి ఆకులాంటిది వేగం అడుగుతుంది.

చేపలున్నాయి, ముట్టుకోవట్లేదు

ఎక్కువగా లోతు తప్పే. క్రాపీ పైకి చూసి తింటుంది, తన కింద నుంచి పోయేదాన్ని పెద్దగా పట్టించుకోదు. పడ్డాక మూడు లెక్కపెట్టేదాకా మునగనిచ్చి లాగండి, తర్వాత అయిదు, తర్వాత ఏడు. ఎక్కడ కొట్టిందో ఆ అంకె మర్చిపోకండి. వేగం కూడా తగ్గించండి, రేకు ఆగిపోనంత వరకు ఎంత నెమ్మదైతే అంత మంచిది.

కొమ్మల్లో ఇరుక్కుంటుంటే మూడు ముళ్ల కొక్కెం బదులు బీటిల్ స్పిన్ అనే రకం స్పిన్నర్ వాడండి, ఒక్క కొక్కెమే కాబట్టి బతికిపోతారు.

పడ్డ చేప ఒడ్డు దాకా వచ్చి జారిపోతోంది

క్రాపీ మూతి పక్కన చర్మం కాగితంలా ఉంటుంది, గట్టిగా గుంజితే చిరుగుతుంది. డ్రాగ్ వదులు చేయండి, ఆగకుండా ఒకే తీరున చుట్టండి, చివర్లో గాల్లోకి ఎత్తకుండా వల పెట్టండి. వల్లో పడ్డాక కొలిచి చూడండి, టెక్సాస్‌లో మామూలుగా 10 అంగుళాల లోపుది నీళ్లలోకే వదలాలి, కొన్ని చెరువులకి మాత్రం రూల్ వేరు.