వేసవి సెలవుల్లో పిల్లలకు ఎలక్ట్రానిక్ కిట్ ఇచ్చే ముందు

సెలవులు మొదలవుతూనే చాలా ఇళ్లలో పిల్లల కోసం కొన్న ఎలక్ట్రానిక్ కిట్ల పెట్టెలు తెరుచుకుంటాయి. గుండీల్లా నొక్కి కలిపే భాగాలున్న కిట్ అయినా, బ్రెడ్‌బోర్డు అనే కన్నాల పలకలో వైర్లు గుచ్చే కిట్ అయినా, అందులోని 3 నుంచి 9 వోల్టుల బ్యాటరీని ముట్టుకుంటే షాక్ కొట్టదు. ఆ ఒక్క మాట చెప్పి ఊరుకోవడమే పెద్దలు చేసే పొరపాటు. రెండు బ్యాటరీలతో బల్బు వెలిగించిన పిల్లవాడికి, గోడ ప్లగ్గులో పెడితే ఇంకా బాగా వెలుగుతుందేమోనన్న ఆలోచన రావడం సహజం. చురుకైన పిల్లలకైతే మరీ త్వరగా వస్తుంది. గోడలో ఉన్నది 230 వోల్టులనీ, అది ప్రాణం తీస్తుందనీ, కిట్‌లోని ఏ వైరూ ఆ కన్నాల దగ్గరికి పోకూడదనీ పెట్టె విప్పకముందే చెప్పాలి. పాత ఫోన్ ఛార్జర్ వైరు కోసి కిట్‌కు కరెంటు ఇవ్వడం కూడా వద్దు.

అన్నిటికంటే ఎక్కువ భయపడవలసింది రిమోట్లలోనూ మెరిసే బొమ్మల్లోనూ కొన్ని కిట్లలోనూ ఉండే బిళ్ల బ్యాటరీకి. సీఆర్ 2032 రకం 20 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి చిన్న పిల్లలు మింగితే అన్నవాహికలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. అక్కడి తడిలో కరెంటు ప్రవహించి, మైనస్ వైపు ఘాటైన క్షారం తయారై, రెండు గంటల్లోనే లోపలి కండను కాల్చేస్తుంది. బొమ్మను వెలిగించలేని పాత బ్యాటరీకి కూడా అంత శక్తి మిగిలే ఉంటుంది. పదేళ్ల అక్క కిట్ ముందు కూర్చున్నప్పుడు రెండేళ్ల తమ్ముడు ఆ గదిలో పాకుతూ ఉండకూడదని చెప్పడం అందుకే. మింగినట్టు అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా, అన్నం పెట్టకుండా, ఎక్స్‌రే సౌకర్యమున్న ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లాలి. మింగి 12 గంటలు దాటకపోతే, ఏడాది నిండిన బిడ్డకు దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె ఇవ్వవచ్చు గాని, తేనె కోసం వెతుకుతూ ప్రయాణం ఆపకూడదు. వస్తువు పోయిందంటే తిట్టే ఇంట్లో పిల్లలు ఈ సంగతి దాస్తారు, ఆలస్యం అక్కడే జరుగుతుంది.

మిగిలిన ప్రమాదాలు చాలావరకు షార్ట్ సర్క్యూట్‌వే. బ్యాటరీ ప్లస్, మైనస్‌లను మధ్యలో బల్బుగాని, కరెంటును అదుపు చేసే రెసిస్టర్‌గాని లేకుండా వైరుతో కలిపితే, కాసేపటికి ఆ వైరు వేలికి చురుక్కుమనేంత వేడెక్కుతుంది, దాని పైతొడుగు మెత్తబడి వాసన వస్తుంది. స్విచ్ వేసే ముందు సర్క్యూట్ మొత్తాన్ని వేలితో గీస్తూ చూపించమని పిల్లలను అడగడం మంచి అలవాటు. 9 వోల్టుల బ్యాటరీకి ఎర్ర ఎల్ఈడీని నేరుగా తగిలిస్తే ఒక్కసారి మిరుమిట్లు గొలిపి మాడిపోతుంది, ఒక్కోసారి టప్పుమని పగిలి ముక్క కంటి వైపు ఎగురుతుంది. 470 ఓంల రెసిస్టర్ మధ్యలో ఉంటే, ఎల్ఈడీ తీసుకునే 2 వోల్టులు పోగా మిగిలిన 7 వోల్టులకు సుమారు 15 మిల్లీఆంపియర్ల కరెంటే పారుతుంది, అది ఆ ఎల్ఈడీ తట్టుకోగలిగినదే. కరెంటును కాసేపు దాచుకునే చిన్న డబ్బాలాంటి భాగం, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ను ప్లస్, మైనస్‌లు తిరగేసి పెట్టినా పగలవచ్చు కనుక, దాని ఒంటి మీద మైనస్ చార ఎటు ఉందో పిల్లలే చెప్పాక బిగించనివ్వాలి. పాత ల్యాప్‌టాప్ నుంచి ఊడదీసిన లిథియం సెల్‌లు మాత్రం ఈ ఆటలోకి రానే కూడదు. షార్టయితే అవి వేడెక్కి మంటలంటుకుంటాయి.

కరిగించిన లోహపు తీగతో భాగాలను అతికించే సోల్డరింగ్ కావాలని పిల్లలు పట్టుబడితే పెద్దవారు పక్కనే కూర్చోవాలి. సోల్డరింగ్ పరికరం మొన దాదాపు 350 డిగ్రీల వేడిలో ఉంటుంది, చూస్తే మాత్రం చల్లగా ఉన్నట్టే కనిపిస్తుంది. కిటికీ తెరిచి, కిందికి వేలాడే జుట్టు కట్టి, పని కాగానే చేతులు సబ్బుతో కడిగించాలి, ఎందుకంటే చాలా సోల్డర్ తీగల్లో సీసం ఉంటుంది.

రాత్రి పెట్టె మూసే ముందు బ్యాటరీలన్నీ తీసి, బిళ్ల బ్యాటరీలను లెక్కపెట్టి, పిల్లలకు అందని అరలో పెట్టాలి. అయిపోయిన బిళ్లకు రెండు వైపులా టేప్ అంటించి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేవరకు అక్కడే ఉంచాలి.