రోడ్డు పొరల్లో పాత కాంక్రీటు కంకర: వాడే విధానం

కూల్చిన కట్టడాల నుంచి, తవ్వి తీసిన పాత సిమెంటు రోడ్ల నుంచి వచ్చే కాంక్రీటును పగలగొట్టి, కంకరగా మార్చి, మళ్లీ రోడ్డు నిర్మాణంలోనే వాడుకోవచ్చు. అయితే దానిని క్వారీ కంకరతో సమానంగా చూడకూడదు. ఒక ముక్కను చేతిలోకి తీసుకుని పరిశీలిస్తే రాయిని అంటిపెట్టుకున్న బూడిదరంగు మోర్టారు (గట్టిపడిన సిమెంటు, ఇసుక మిశ్రమం) కనిపిస్తుంది. మేకుతో గీకితే రాయి చెక్కుచెదరదు గానీ మోర్టారు పొడిపొడిగా రాలుతుంది. ఈ కంకర విషయంలో అదనంగా తీసుకోవలసిన జాగ్రత్తల్లో చాలావరకు ఆ మోర్టారు కారణంగానే వస్తాయి.

మొదటిసారి వాడేవారు పై పొర జోలికి పోకుండా, దాని కింద ఉండే బేస్, ఇంకా కిందనుండే సబ్‌బేస్ పొరలతో ప్రారంభించడం మంచిది. కోణాలు తేలిన ముక్కలు ఒకదానిలో ఒకటి బిగుసుకోవడమే కాక, పాత సిమెంటులో నీటితో కలవకుండా మిగిలిపోయిన భాగం మళ్లీ కొంత గట్టిపడుతుంది కనుక, ఈ పొర కాలం గడిచేకొద్దీ దృఢమవుతుంది.

ముడిసరుకు ఎంపికలో పాత రోడ్డు పలకలదే మొదటి స్థానం, ఎందుకంటే అందులో ఉన్నదేమిటో ముందే తెలుస్తుంది. భవన శిథిలాలైతే చెక్క, ప్లాస్టిక్, ఇటుక ముక్కలు, మట్టి ముందే ఏరివేయాలి. ఆస్‌బెస్టాస్ ఉన్నట్లయితే కూల్చకముందే శిక్షణ పొందినవారి చేత తీయించాలి. జిప్సం ప్లాస్టరును మాత్రం ఏమాత్రం ఉపేక్షించరాదు: అందులోని సల్ఫేటు తడి తగిలినప్పుడు సిమెంటు పదార్థంతో చర్య జరిపి ఉబ్బుతుంది, దానితో రోడ్డు పైకి లేస్తుంది.

పెద్ద పలకలను బ్రేకరుతో పగలగొట్టి, చువ్వలు కత్తిరించి, ముందు రెండు దవడల మధ్య నలిపే జా క్రషర్‌లో వేయాలి. బెల్టు మీద అయస్కాంతం మిగిలిన ఇనుమును లాగేస్తుంది. రెండో దశలో దెబ్బలతో పగలగొట్టే ఇంపాక్ట్ క్రషర్ వాడితే మోర్టారు ఎక్కువగా ఊడిపోతుంది. దుమ్ములో ఊపిరితిత్తులకు హాని చేసే సిలికా ఉంటుంది కాబట్టి నీటి జల్లు, తగిన మాస్కులు తప్పనిసరి.

తరువాత పరీక్షలు. క్వారీ కంకర నీటిని సాధారణంగా రెండు శాతం లోపే పీల్చుకుంటే, ఇది తరచుగా 3 నుంచి 8 శాతం దాకా పీలుస్తుంది. కంకరను ఉక్కు గుండ్లతో కలిపి డ్రమ్ములో తిప్పి చూసే లాస్ ఏంజిలస్ అరుగుదల పరీక్షలో కూడా ఎక్కువే అరుగుతుంది. సోడియం సల్ఫేటు ద్రావణంతో చేసే మన్నిక పరీక్ష ఫలితాన్ని మాత్రం యథాతథంగా నమ్మకూడదు. ఆ ద్రావణం మోర్టారునే రసాయనికంగా దెబ్బతీస్తుంది.

అసలు పని పాడయ్యేది ఎక్కువగా తేమ, రోలింగు దగ్గరే. రోడ్డు మీద పరిచాక ట్యాంకరుతో నీళ్లు కొడితే, పైకి తడిసినట్లే కనిపించినా కాసేపటికి మోర్టారు ఆ నీటిని తాగేసి పొర పొడిబారుతుంది. అందువల్ల కుప్పగా ఉన్నప్పుడే, వీలైతే ముందు రోజు నుంచే, తడుపుతూ ఉండాలి. గరిష్ఠ సాంద్రతనూ దానికి తగిన తేమనూ ఈ కంకరతోనే ప్రయోగశాలలో కొత్తగా నిర్ణయించాలి. ఇది తేలికైనది కావడం వల్ల క్వారీ కంకరకు పెట్టుకున్న సాంద్రత లక్ష్యాన్ని ఎప్పటికీ అందుకోదు. అది రాలేదని రోలరును మళ్లీ మళ్లీ తిప్పితే ముక్కలు నలిగి, పొడి పెరిగి, పొర లక్షణమే మారిపోతుంది. రోలింగు ముగిశాక ఒక నమూనా తీసి జల్లెడ పట్టి చూస్తే ఎంత నలిగిందో తేలుతుంది. పొర సాంద్రతనూ తేమనూ రేడియోధార్మికతతో అక్కడికక్కడే కొలిచే న్యూక్లియర్ గేజ్ మోర్టారులో బంధితమైన నీటిని కూడా తేమగానే లెక్కిస్తుంది కనుక, దాని అంకెను ఓవెన్‌లో ఆరబెట్టిన నమూనాతో సరిచూసుకోవాలి.

ఈ పొర గుండా దిగే నీరు తీవ్రమైన క్షారగుణంతో ఉంటుంది. పిహెచ్ విలువ 11 దాటవచ్చు. ఆ నీటిలో కరిగిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి తెల్లటి పెచ్చుగా పేరుకుని, డ్రెయిన్ పైపులకు చుట్టిన, మట్టిని ఆపి నీటిని వదిలే జియోటెక్స్‌టైల్ వస్త్రాన్ని మూసేస్తుంది. కాబట్టి పైపుల చుట్టూ క్వారీ కంకరే వేయాలి. నీరు వస్త్రం గుండా పోయే దారిలో ఈ కంకర ఉండకుండా చూడాలి. అల్యూమినియం, జింకు పూత పైపులకు, చెరువులకు దగ్గరగా వాడకపోవడమే మేలు.

తారు మిశ్రమంలో ఈ కంకర బిటుమెన్‌ను కూడా ఎక్కువగా పీలుస్తుంది, అంటే ఖర్చు పెరుగుతుంది. అందుకే కొద్ది పాళ్లలోనే కలపడం సముచితం. కొత్త సిమెంటు రోడ్డుకైతే 4.75 మిల్లీమీటర్ల జల్లెడ మీద నిలిచిన ముక్కలనే, బాగా తడిపిన తరువాత వాడాలి. సన్నపొడి నీటి అవసరాన్ని విపరీతంగా పెంచుతుంది. పాత కాంక్రీటు క్షార-సిలికా చర్య (సిమెంటులోని క్షారం కంకరలోని సిలికాతో చర్య జరిపి ఉబ్బడం) వల్ల బీటలు వారినదైతే పక్కన పెట్టాలి. ఆస్ట్రియాలో హైవేలను రెండు పొరలుగా పోస్తూ, కింది పొరలో పాత రోడ్డు కాంక్రీటును, చక్రాలు తాకే పై పొరలో గట్టి రాతి కంకరను వాడతారు.