‘ది బోట్’ కథలో తండ్రి త్యాగాన్ని విశ్లేషించడం ఎలా?

కెనడా రచయిత ఆలిస్టర్ మెక్‌లౌడ్ 1968లో ప్రచురించిన ‘ది బోట్’ కథ మీద వ్యాసం రాసే విద్యార్థులు చాలామంది తండ్రి మరణంతో మొదలుపెట్టి, కొడుకు చదువు కోసం ఆయన సముద్రంలో ప్రాణం విడిచాడని తేల్చేస్తారు. ముందుగా ఆ తొందరను మానుకోవాలి. ఇష్టం లేని చేపల వేటలో ఏళ్ల తరబడి అరిగిపోయిన బతుకే ఆయన చేసిన అసలు త్యాగమని నా అభిప్రాయం. దానికి ఆధారాలు ఆయన ఒంటి మీదే కనిపిస్తాయి.

అందుచేత మొదట ఆయన శరీరాన్ని వర్ణించిన వాక్యాలను విడిగా రాసుకోండి. ఎండకు ఆయన చర్మం మళ్లీ మళ్లీ కమిలిపోతుంది, నవ్వితే పెదవులు చిట్లి నెత్తురు వస్తుంది, ఉప్పునీటికి చేతుల మీద పుండ్లు లేచి రసి కారుతుంది. మణికట్లు ఒరుసుకుపోకుండా మిగతా జాలరులు వసంతకాలం తొలిరోజుల్లో మాత్రమే వేసుకునే ఇత్తడి గొలుసులు ఆయన చేతులకు వేటకాలం పొడవునా ఉంటాయి. వీటిని సంకెళ్లకు ప్రతీక అని ఒక్క ముక్కలో తేల్చకండి. అవి ఆయన చేతులను కాపాడుతున్నాయి కనుకనే ఆయన మర్నాడు మళ్లీ వేటకు వెళ్లగలుగుతున్నాడు. రక్షణే బంధనంగా మారడం ఈ ప్రతీకలోని బలం. శవం దొరికినప్పుడు కూడా ఆ గొలుసులు మణికట్లకు ఉన్నాయన్న వివరాన్ని దీనికి జతచేసి చదవాలి.

తర్వాత ఆయన గదిని పరిశీలించండి. పుస్తకాలు, సిగరెట్లు, రేడియోతో చిందరవందరగా ఉన్న ఆ గదిలో ఒక సాయంత్రం కొడుకుతో చార్లెస్ డికెన్స్ నవల ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ గురించి మాట్లాడుతూ, తనకు ఎప్పుడూ విశ్వవిద్యాలయంలో చదువుకోవాలని ఉండేదని ఆయన అంటాడు. కొడుకు ఆ మాటను అప్పట్లో పట్టించుకోడు. కథ మొత్తంలో నన్ను ఎక్కువగా బాధించే చోటు ఇదే, ఎందుకంటే ఆ ఒక్క కోరిక తెలియగానే అంతకుముందు చదివిన పుండ్లు, గొలుసులు అన్నీ వేరే అర్థంతో కనిపిస్తాయి. ఆ కోరికకు అడ్డుపడిన పడవ కుటుంబంతో ఎంతగా ముడిపడి ఉందో చూపడానికి, దానికి పెట్టిన ‘జెన్నీ లిన్’ అన్న పేరు తల్లి పుట్టింటి పేరు నుంచి వచ్చిందన్న సంగతిని కూడా ఇక్కడే గుర్తుచేయవచ్చు.

మరణం దగ్గరికి వచ్చాక జాగ్రత్తగా రాయాలి. తండ్రి బతికి ఉన్నంతకాలం ఆయనతోనే వేటకు వస్తానని కొడుకు మాట ఇస్తాడు. ఆ మాటను గుర్తుంచుకుంటావని ఆశిస్తున్నానని మాత్రమే తండ్రి అంటాడు. నవంబరు 21న, ఎత్తైన అలల మధ్య చుక్కాని పట్టుకున్న కొడుకు వెనుదిరిగి చూసేసరికి ఆయన లేడు. పడిపోయాడా, కావాలనే వెళ్లిపోయాడా అన్నది రచయిత చెప్పలేదు. కాబట్టి మీ వ్యాసంలో ‘ఆత్మహత్య చేసుకున్నాడు’ అని నిర్ధారించకుండా, కొడుకు ఇచ్చిన మాటలోని ‘బతికి ఉన్నంతకాలం’ అన్న షరతు అలాంటి అనుమానానికి ఎలా తావిస్తున్నదో, వయసు మీరిన మనిషి, నవంబరు సముద్రం అన్న వాస్తవాలు దాన్ని ఎలా అడ్డుకుంటున్నాయో రెండూ చూపండి.

చివరగా, ఆ త్యాగానికి మూల్యం ఎవరు చెల్లించారో తప్పక రాయండి. కొడుకు అమెరికాలో విశ్వవిద్యాలయ అధ్యాపకుడైనా, తెల్లవారుజామున నాలుగింటికి వేటకు ఆలస్యమైందన్న భయంతో ఉలిక్కిపడి లేస్తాడు. తల్లి చాలీచాలని బీమా సొమ్ముతో ఒంటరిగా బతుకుతూ, సముద్రాన్ని ప్రేమగానూ కొడుకును కినుకగానూ తలుచుకుంటుంది. ఆమెను కేవలం కఠినురాలిగా చిత్రిస్తే వ్యాసం సగమే అవుతుంది. ఆమె వైపు నుంచి కనీసం ఒక పేరా రాయండి.