అమ్మాయి చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వండి

టెన్త్ అయ్యాక ఎంపీసీయా బైపీసీయా అని విజయవాడలో ఇంటింటా పంచాయితీ నడుస్తుంది కానీ, ఆడపిల్లకి మెషీన్లంటే బెరుకు పట్టేది అంతకు చాలా ముందే. ఫ్యూజ్ పోతే తమ్ముణ్ణి పిలుస్తాం, అమ్మాయిని టార్చ్ పట్టుకోమంటాం. ముందు ఇది మార్చండి.

పాడైన మిక్సీ ఉంటే పారేయకండి. ప్లగ్ తీసేశారో లేదో చూసుకుని, అడుగున స్క్రూలు ఆమెనే విప్పమనండి. మోటారుకి అటూ ఇటూ స్ప్రింగుతో నొక్కుకుని నల్లటి కార్బన్ బ్రష్షులు ఉంటాయి, అవి బాగా అరిగితే మోటారు తిరగదు, తిరిగినా నిప్పురవ్వలు రాలతాయి. అరిగాయో లేదో ఆమే కనిపెట్టాలి, మీరు చెప్పేయకూడదు (నాన్నలకి ఇదే కష్టం, చేతిలోంచి లాక్కుంటారు).

ప్రకాశం బ్యారేజీ మీదికి షికారుకెళ్లినప్పుడు ఆ గేట్లు ఎలా ఎత్తుతారో అడగండి. మీకూ తెలీకపోతే మరీ మంచిది, ఇద్దరూ కలిసి వెతుక్కోవచ్చు.

"ఆడపిల్లని చదువుకి అంత దూరం పంపడం ఎందుకు" అనే బంధువులు ఎలాగూ ఉంటారు. వాళ్ల ముందే అమ్మాయి తరఫున మాట్లాడండి, వాళ్లు వెళ్లిపోయాక ఓదార్చడం కాదు.

ఐఐటీల్లో 2018 నుంచి అమ్మాయిలకి అదనపు సీట్లున్నాయి. అవేమీ ఊరికే ఇచ్చేవి కావు, వాటికీ ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు రావాల్సిందే. ఇంజనీరింగ్, డిప్లొమాలు చదివే అమ్మాయిలకి ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది, ఎంపికైతే ఏడాదికి 50 వేలు, కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు. ఆదాయ ధ్రువపత్రం సచివాలయంలో ముందే తీసి పెట్టుకోండి, ఆఖరి రోజు సర్వర్‌ని నమ్ముకోవద్దు.