కారు వోల్టేజ్ రెగ్యులేటర్ మెల్లగా అదుపు తప్పుతోందా? ఎలా కనిపెట్టాలి?

ఇంజన్ నడుస్తుండగా కరెంటు పుట్టించేది ఆల్టర్నేటర్; దాని వోల్టేజ్‌ని అదుపులో ఉంచేది రెగ్యులేటర్. ఇది పూర్తిగా పాడైతే మామూలుగా డ్యాష్‌బోర్డులో ఎర్ర బ్యాటరీ లైటు వెలుగుతుంది. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా మారితే ఏ లైటూ వెలగదు. నా పాత కారులో బ్యాటరీ మాటిమాటికీ పోతుంటే బ్యాటరీనే తప్పుపట్టాను. అసలు సంగతి రీడింగులు రాసుకోవడం మొదలుపెట్టాకే తెలిసింది.

వోల్టులు కొలిచే డిజిటల్ మల్టీమీటర్, ఒక నోట్‌బుక్ చాలు. ఎప్పుడూ అదే మీటర్ వాడండి, అందులో మంచి బ్యాటరీ ఉండాలి. మీటర్ బ్యాటరీ నీరసిస్తే చాలా మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి.

పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు, బ్యాటరీ టెర్మినల్స్ మీద కొలవండి. నిండా చార్జ్ ఉంటే 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. 12.2 చూపిస్తే చార్జ్ సగమే, ముందు చార్జింగ్ పెట్టించండి. తర్వాత ఇంజన్ పది నిమిషాలు నడిపి, కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి మళ్లీ కొలవండి. హెడ్‌లైట్లు, ఏసీ వేసి ఇంకోసారి. మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. తేదీ, టైము, ఎండ ఎలా ఉందో కూడా రాయండి.

ఎండ ఎందుకంటే, చాలా రెగ్యులేటర్లు వేడి పెరిగే కొద్దీ వోల్టేజ్‌ని కావాలనే తగ్గిస్తాయి. వేడి బ్యాటరీకి చార్జ్ ఎక్కువైతే చెడిపోతుంది మరి. జనవరి పొద్దున 14.4, మే మధ్యాహ్నం 13.9 వస్తే కంగారు వద్దు. జనవరి రీడింగ్‌ని వచ్చే జనవరితోనే పోల్చాలి.

విశాఖలో ఇంకో చిక్కు, ఉప్పుగాలి. బీచ్ రోడ్డు, రుషికొండ వైపు ఉండే బండ్లకు టెర్మినల్స్, బ్యాటరీ మైనస్‌ని బండి లోహానికి కలిపే ఎర్త్ వైరు తొందరగా చిలుము పడతాయి. ఇంజన్ నడుస్తుండగా, లైట్లు వేసి, బ్యాటరీ మైనస్‌కీ ఇంజన్ లోహానికీ మధ్య కొలవండి. బెల్టుకు చేతులు, బట్టలు దూరం. 0.2 వోల్టు దాటితే ముందు శుభ్రం చేయించి మళ్లీ మొదలుపెట్టండి. నడుస్తున్న ఇంజన్ మీద బ్యాటరీ వైరు ఊడదీసి చూడటం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, కారులోని కంప్యూటర్ కాలిపోవచ్చు.

అన్నీ బాగుండి, అదే వాతావరణంలో పాత రీడింగ్‌కీ ఇప్పటిదానికీ 0.3 వోల్టు తేడా వస్తే నేను అనుమానిస్తాను. 15 వోల్టులు దాటితే ఇక ఆలస్యం చేయకుండా ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. చాలా కొత్త కార్లలో కంప్యూటరే వోల్టేజ్ మారుస్తుంటుంది, వాటికి ఆ కంప్యూటర్‌ని చదివే స్కానర్‌తోనే చూడాలి.

ఆటోనగర్ వెళ్లినప్పుడు ఎలక్ట్రీషియన్‌కు నోట్‌బుక్ చూపించండి. చాలా ఆల్టర్నేటర్లకు రెగ్యులేటర్ విడిగా దొరుకుతుంది, ఆల్టర్నేటర్ మొత్తం మార్చాలని ఆయన అంటే ఎందుకో అడగండి. కొత్తది బిగించిన రోజే మొదటి రీడింగ్ రాసుకోండి.