రాత్రంతా కారులో గడ్డకట్టిన గేమింగ్ ల్యాప్‌టాప్

అమెరికాలోని మినియాపొలిస్, కెనడాలోని విన్నిపెగ్ చలికాలంలో మనవాళ్లు తరచూ చేసే పొరపాటు: రాత్రంతా డిక్కీలో ఉండిపోయిన ల్యాప్‌టాప్‌ని ఇంట్లోకి తేగానే ఆన్ చేయడం. -20 డిగ్రీల సెల్సియస్‌లో ఉన్న లోహానికి గదిగాలి తగిలితే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టే చెమ్మ పడుతుంది. మూత మీదే కాదు, మదర్‌బోర్డు మీద కూడా.

కారులో ఉండగానే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి నొక్కేసి, మూతి బిగించండి. లోపలికి తెచ్చాక చెమ్మ సంచి బయటివైపే పడుతుంది. హీటరుకి దూరంగా నాలుగైదు గంటలు వదిలేయండి. హెయిర్ డ్రయ్యర్ జోలికి పోవద్దు. అప్పటిదాకా చార్జింగూ వద్దు. సున్నా కంటే తక్కువ చలిలో చార్జ్ చేస్తే లిథియం ఆనోడ్ (బ్యాటరీలోని రుణ ధ్రువం) మీద లోహంగా పేరుకుంటుంది, బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గుతుంది.

ఈలోపే ఆన్ చేసేశారా? పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి ఆపండి, ఒక రోజు ఆరనివ్వండి. ఆ రాత్రి మ్యాచ్ మాత్రం పోయినట్టే.